గడప లేని పడవలో ఆషాఢం

మా చిత్తూరువాళ్లకు నీళ్లంటే బావిలో ఉండేవి. చేంతాడు వేసి తోడుకుంటే వస్తాయి, ఎండాకాలం తోడినా రావు. అంతకు మించి నీళ్లతో మాకు పరిచయం లేదు. అలాంటి ఊళ్లో పుట్టిన నన్ను తీసుకుపోయి నీళ్ల మీద తేలే ఇంట్లో కాపురానికి పెట్టారు. ఎవరిననాలి? మా తాతను అనాలి. ఆయన పోయి చాలా కాలమైంది కాబట్టి ధైర్యంగానే అంటున్నాను.

మా తాత చింతపండు వ్యాపారి. చుట్టుపక్కల పల్లెల్లో కొన్న చింతపండు బండ్లకెత్తి, సత్యవేడు మీదుగా తూర్పున సముద్రం వెంట పోయే కాలువ రేవుకు తోలి, అక్కడి నుంచి తెరచాప పడవల్లో మద్రాసుకు పంపేవాడు. ఆ పడవలవాళ్లలో ఒక కుర్రాడు నెమ్మదస్తుడని, సరుకులో చెయ్యి పెట్టడని నచ్చి తన పెద్దకూతురిని ఇచ్చి చేశాడు. ఆ పెద్దకూతురు మా నాయనకు అక్క, నాకు మేనత్త. ఆమె కొడుకు మా బావ. నేను పుట్టానని కబురు వెళ్లగానే మా అత్త చంటిపిల్ల చేతికి వెండి మురుగులు పంపిందట. అంటే నాకు కళ్లు సరిగా తెరుచుకోకముందే సంబంధం ఖాయం. నన్ను అడిగినవాళ్లు లేరు. అడిగినా ఆ వయసులో నేనేం చెబుతాను?

పెళ్లి తిరుపతిలో ఒక సత్రంలో అయింది. తాళి కట్టిన వారానికే మా బావ పడవెక్కి వెళ్లిపోయాడు. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతో నడిచేవి. బస్సు వీపున ఇంత పెద్ద పొయ్యి కట్టి, అందులో బొగ్గు పోసి, ఒకడు చక్రం తిప్పి తిప్పి రాజేస్తే గాని బండి కదిలేది కాదు. ఆ బొగ్గు సత్యవేడు అడవుల్లో కాల్చి, కాలువ మీద మద్రాసుకు పంపేవాళ్లు. దాంతో మా అత్త పడవకు ఊపిరాడని పని. మా బావ ముఖం ఎలా ఉంటుందో మరిచిపోయేంత కాలం గడిచింది. ముక్కు గుర్తుండేది, కళ్లు గుర్తొచ్చేవి కావు. వైశాఖం చివర్లో నన్ను కాపురానికి పంపారు.

కాపురం ఎక్కడనుకున్నారు? సత్యవేడులో మా అత్తకు ఇల్లుంది గాని అందులో గోనెసంచులు కాపురం ఉండేవి. మనుషులుండేది పడవలో. మా మామ పోయాక పడవంతా మా అత్త చేతి మీదే నడిచేది. చుక్కాని దగ్గర కూర్చుని, బుగ్గన తాంబూలం పెట్టుకుని, ఆమె ఒక మాట అంటే అటు మూడు పడవలకు, ఇటు మూడు పడవలకు వినబడేది. మా బావ, ఇంకో ఇద్దరు మనుషులు ఆమె చెప్పినట్టు తాళ్లు లాగేవాళ్లు, గెడలు వేసేవాళ్లు.

నేను ఎక్కిన నాలుగు రోజులకే పడవ ఆగిపోయింది. తడ దాటాక ఒక రేవు ఉంది. అక్కడి నుంచి దక్షిణానికి కాలువ పూడుకుపోయి, అడుగున బురద తప్ప నీళ్లు లేవన్నారు. మనుషుల్ని పెట్టి బురద ఎత్తిస్తున్నారు, అయ్యేదాకా ఎవరూ కదలడానికి లేదన్నారు. వచ్చిన పడవ వచ్చినట్టు ఆ రేవులో కట్టేశారు. ఉప్పు పడవలు, సరుగుడు కట్టెల పడవలు, వడ్ల పడవలు, ఎండుచేపల పడవ ఒకటి. ఎండుచేపల పడవకు అటూ ఇటూ ఎవరూ కట్టరు కాబట్టి దానికి మాత్రం కావలసినంత చోటు.

పడవ కదలకపోతే మా అత్తకు ఒళ్లు మండిపోయేది. నాకు మాత్రం పండగలా ఉంది. ఎందుకని అడక్కండి, చెబుతున్నా కదా. మా బావకు పని లేదు. పొద్దున లేస్తే కళ్లెదుట ఉండేవాడు, సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడు. ముక్కుతో పాటు కళ్లు కూడా బాగా గుర్తుపెట్టుకున్నాను.

పడవ కాపురం నేర్చుకోవడంలో నేను చేసిన ఘనకార్యాలు కొన్ని ఉన్నాయి. కొత్తకోడలు వాకిలి ఊడ్చి ముగ్గేయకపోతే పెంపకానికి మాట వస్తుందని మా అమ్మ చెప్పి పంపింది. పడవకు వాకిలి ఏది? పడవకూ ఒడ్డుకూ మధ్య ఒక పొడుగాటి బల్ల వేసుంటుంది, దాని మీదే రాకపోకలు. సరే, అదే వాకిలి అనుకున్నాను. ఒడ్డున మేసే ఆవుల దగ్గర పేడ తెచ్చి, చిక్కగా కళ్లాపి చల్లి, పిండితో నాలుగు చుక్కలు పెట్టి, చూసి మురిసిపోయి లోపలికొచ్చాను. ఒడ్డు నుంచి కట్టెలమోపుతో వస్తున్న మా బావ ఆ పేడనీళ్ల మీద అడుగు పెట్టాడు. మనిషి ఒక వైపు, మోపు ఒక వైపు కాలువలో పడ్డారు. మా అత్త చుక్కాని దగ్గర నుంచి లేవలేదు.

"మేయ్, నీకు మొగుడు కావాల్నా, ముగ్గు కావాల్నా? ఒకటి సెప్పు," అంది.

చుట్టూ ఉన్న పడవలన్నీ నవ్వాయి. మర్నాటి నుంచి నేను ముగ్గు మానేశాను.

ఇంకోటి సంగటి. అన్నేళ్లు నీళ్ల మీద బతికినా మా అత్తకు రాగిసంగటి లేనిదే గొంతు దిగదు. సంగటి కెలకాలంటే కుండను రెండు పాదాలతో అదిమిపట్టి, తెడ్డు రెండు చేతులా పట్టుకుని ఒళ్లంతా తిప్పాలి. నేల మీద కూర్చుని చేసే పని అది. నేను మంచి పట్టులో ఉన్నప్పుడు పక్కన ఏదో పడవ జరిగేది, మాది ఊగేది, నేనూ కుండా కలిసి ఒక చుట్టు తిరిగి ఇంకో దిక్కుకు ముఖం పెట్టి కూర్చునేవాళ్లం. పైగా పడవ నిండా బొగ్గు బస్తాలు, వాటి పొడి. పసుపుచీర కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంటే, వంట దిగేసరికి అది ఏ రంగు చీరో చెప్పమని పందెం కాయొచ్చు. అద్దంలో చూసుకుంటే నాకు నేనే దిష్టిబొమ్మలా కనబడేదాన్ని. అయినా సంతోషంగానే ఉన్నాను. దాచుకోవడం దేనికి, అంత సంతోషంగా అంతకుముందు ఎప్పుడూ లేను.

ఇలా ఉండగా జ్యేష్ఠం గడిచి అమావాస్య వచ్చింది. మా అత్త కాలువ నీళ్లు చూస్తూ అంది: "రేపు పాడ్యమి. ఆషాడం పుడతాది. నువ్వింకా ఈడే ఉండావు."

కొత్తగా పెళ్లయిన పిల్ల మొదటి ఆషాఢంలో అత్తగారింట ఉండకూడదు. అత్తా కోడలు ఒకే గడప దాటకూడదు. పిల్ల తండ్రి ముందుగానే వచ్చి పుట్టింటికి తీసుకుపోవాలి. మొగుడూ పెళ్లాలు కూడా ఆ నెల ఎడంగా ఉండాలి. లేకపోతే నడివేసవిలో పురుడొచ్చి తల్లీబిడ్డా ఎండకు మాడిపోతారని పెద్దల భయం. ఇవన్నీ నాకు తెలియక కాదు. తెలిసే, తెలియనట్టు కూర్చున్నాను. మా నాయన రాకపోవడానికి కారణం కూడా ఊహించుకున్నాను. ఆయన వద్దామన్నా మా ఇల్లు ఎక్కడుందో ఆయనకు తెలియాలి కదా.

మా పక్కనే ఉప్పు పడవలో ఒక ముసలామె ఉండేది. సగం తెలుగు, సగం అరవం. ఆమె కల్పించుకుంది. "ఏమ్మా అవసరం? మీరు ఆషాడమంటారే, మా లెక్కలో ఆ ఆడి నెల ఇంకా పుట్టలేదు. ఇంకా శానా దినాలుండాది."

నేను ఆ క్షణం నుంచి అరవదాన్నయిపోయాను. "అవునత్తా, ఆ అవ్వ లెక్క కూడా లెక్కే కదా. కాలువ ఆ పక్కకే పోతుంది, మనమూ ఆ పక్కకే పోతాము," అన్నాను.

"పంచాంగం మార్సేదానికి నువ్వేమన్నా బ్రహ్మదేవుడి సెల్లెలివా?" అంది మా అత్త. "నిన్ను ఒంటిగా బండెక్కించి పంపేదానికి లేదు. నీ నాయన వచ్చేదాకా ఏదో ఒక దారి సూడాల. వాడొచ్చి, ఏమక్కా, గడప సంగతేమని అడిగితే నేనేం సెప్పాల?"

"పడవకు గడప ఎక్కడుంది?" అన్నాను.

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. రేవులో పనీపాటా లేక కూర్చున్నవాళ్లందరికీ ఆ రోజు గడప దొరికింది. పడవ మధ్యలో తాటాకు కప్పు, దాని కింద సరుకూ మనుషులూ. అది ఇల్లే, కాబట్టి గడప ఉండాల్సిందేనని కట్టెల పడవవాళ్లు. ద్వారబంధం లేనిది గడప ఎలా అవుతుందని ఉప్పు పడవవాళ్లు. పడవెక్కే బల్లే గడప అని ఇంకొకడు. మా అత్త అందరి మాటా విని, లేచి, కప్పు కిందికి పోయే రెండు చోట్లా, ముందూ వెనకా, అడ్డంగా ఉన్న కొయ్యలను కాలితో తట్టి చూపించింది.

"కాలెత్తి దాటాలా వొద్దా? కాలెత్తి దాటేదేదైనా గడపే. ముందరిది నాది. ఎనకటిది నీది. నడాన తెరచాప కొయ్య. దాన్ని నువ్వు దాటి రావొద్దు, నేను దాటి రాను."

తీర్పు అయిపోయింది. పడవ రెండు ఊళ్లయింది. పొయ్యి నా ఊళ్లో ఉంది. ఉప్పూ పప్పూ ఉన్న పెట్టె ఆమె ఊళ్లో ఉంది. మంచినీళ్ల కడవ నాది, చెంబులన్నీ ఆమెవి. మధ్యలో మా బావ అడకత్తెరలో పోకచెక్క. "ఉప్పు కావాలంట" అని అటు, "ఎంత కావాలంట" అని ఇటు. రాత్రికి ఆయన పక్క కూడా ఒడ్డు మీదికి మారింది. ఆషాఢం కదా. పక్క పడవలవాళ్లు, "ఏమప్పా, కాపలాకు పెట్టినారా నిన్ను?" అని అడిగేవాళ్లు.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ నాలుగు రోజులు మా పడవలో ఉత్తమురాలూ గుణవంతురాలూ ఇద్దరూ ఉన్నారు, మధ్యలో బొగ్గు బస్తాలు. ఆమె తిట్టదలుచుకుంటే బస్తాల మీదుగా తిట్టాల్సిందే. తిట్టు నా దాకా వచ్చేసరికి సగం బొగ్గులో ఇంకిపోయేది. ఇక మా బావ. ఉప్పు తెచ్చినవాడు ఉప్పిచ్చి పోవచ్చు కదా. పోడు. తెరచాప కొయ్యకు ఆనుకుని నిలబడి, పులికాటు సరస్సులో చలికాలం దిగే ఎర్రకాళ్ల కొంగల కథలన్నీ చెప్పేవాడు. పప్పు ఉడికిపోయేది, ఉప్పు ఆయన చేతిలోనే ఉండేది.

"రేయ్, ఉప్పు పండించి ఇస్తా ఉండావా?" అని ముందు ఊరి నుంచి కేక వచ్చేది.

ఐదో రోజో ఆరో రోజో మా నాయన వచ్చాడు. చిత్తూరులో రైలెక్కి, గూడూరులో మారి, తడలో దిగి, అక్కడి నుంచి బండి మాట్లాడుకుని రేవురేవూ వెతుక్కుంటూ వచ్చాడు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, చేతిలో సంచీ, సంచీలో అమ్మ వండిన నిప్పట్లు, ఆ ఏటి ఆఖరు మామిడిపండ్లు. నన్ను చూసి గుర్తుపట్టలేదు. నల్లటి ముఖం వేసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నది తన పిల్లేనని తెలిసేసరికి ఆయన ముఖం అదోలా అయింది.

"ఏమక్కా, పాడ్యమికి ముందే రావాలని బయల్దేరినా. మీ ఇల్లు ఒకసోట ఉంటే గదా," అన్నాడు.

"మా ఇల్లు యాడికీ పోలేదురా. కాలవలోనే ఉండాది. తిరగతా ఉండేది నువ్వు," అంది మా అత్త.

నాయన కూర్చున్నాడు, పంచె వెనక నల్లబడింది. మజ్జిగ తాగాడు, చేతులు నల్లబడ్డాయి. మూతి తుడుచుకున్నాడు, అంతటితో ఆయన కూడా మా పడవ మనిషే అయిపోయాడు. గడపల ఏర్పాటు విని తల ఊపాడు. "నువ్వు శాస్త్రం తప్పవని నాకు తెలుసక్కా. రేపు పొద్దున్నే పిల్లను తోల్కపోతా. బండి ఈడే పెట్టించినా," అన్నాడు.

సరిగ్గా ఆ సాయంత్రమే కబురు వచ్చింది. బురద ఎత్తడం అయిపోయింది, పొద్దున్నే పడవలు వదలొచ్చు. రేవంతా ఒకటే సందడి, తాళ్లు సర్దడం, తెరచాపలు విప్పి చూసుకోవడం. నేను మాత్రం లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. ఆషాఢం నెలే కదా అంటారు. నెల నేను చిత్తూరులో ఉంటాను, సరే. నెల తిరిగేసరికి పడవ ఎక్కడుంటుంది? మద్రాసులో బొగ్గు దించి, ఇంకో సరుకెత్తి ఎటుపోతుందో వాళ్లకే తెలియదు. తరవాత వానలు, తుఫాన్లు. నన్ను ఏ రేవుకని పంపుతారు? మొదటిసారి వెళ్లినవాడు ఎన్నాళ్లకు కనిపించాడో నాకు గుర్తుంది. మళ్లీ ఆ ముఖాన్ని మరిచిపోతానని ఏడుపొచ్చింది.

ఏడుపు వస్తే నాకు ముందు కోపం వస్తుంది. మా బావను పట్టుకున్నాను. "నాయనతో ఒక మాట చెప్పొచ్చు కదా బావా. నోరు లేదా నీకు?"

"మామకు ఏమని సెప్పేది? సిగ్గు గాదా."

"నీ సిగ్గు తీసుకుపోయి కాలువలో వెయ్యి," అన్నాను. ఆయన నిజంగానే కాలువ వైపు చూశాడు. పాపం, ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి. మగవాడు కాబట్టి వాటిని బొగ్గు పొడి మీదికి తోసేశాడు.

ఇక లాభం లేదని తెరచాప కొయ్య దాటాను. మా అత్త ముందువైపు కూర్చుని ఆకులకు సున్నం రాస్తోంది. నన్ను చూసి, దాటి ఎందుకొచ్చావని అడగలేదు.

"అత్తా, నేను పోను," అన్నాను.

"పోకుంటే? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ."

ఆమె సున్నం రాయడం ఆపి నా వైపు చూసింది. "వాడూ నువ్వూ బాగుండారా?"

"బాగుండాము," అన్నాను. అంత పెద్ద నోరున్నదాన్ని, ఆ ఒక్క మాటకు తల ఎత్తలేకపోయాను.

"సరే పో. సంగటి మాడతాది," అంది.

అంతే. మాడేది సంగటి ఒక్కటేనా అని అడగాలనిపించింది. అడిగితే ఏం చేసేదో. వెనక్కి వచ్చి నా ఊళ్లో కూర్చున్నాను. ఈమెకు గుండె ఉన్నచోట కూడా కొయ్యే ఉందని ఆ పూట గట్టిగా నమ్మాను.

పొద్దున్నే నా ట్రంకుపెట్టె ఒడ్డు మీదికి చేరింది. నాయన బండివాడితో మాట్లాడుతున్నాడు. మా బావ తాళ్లు విప్పుతున్నట్టు నటిస్తూ విప్పిన తాడే మళ్లీ కడుతున్నాడు. నేను బల్ల దిగి ఒడ్డున నిలబడి, మా అత్త కాళ్లకు దండం పెట్టాలని ఎదురు చూస్తున్నాను. ఆమె ఎంతకీ రాదు. వచ్చేసరికి తలకు నీళ్లు పోసుకుని, మడతల చీర కట్టుకుని, చంకలో గుడ్డల మూటతో వచ్చింది. బల్ల దిగి నేరుగా బండి దగ్గరికి పోయింది. నా పెట్టెను చూపించి బండివాడితో, "అది పడవలోకి ఎక్కించప్పా," అంది.

మా నాయనకు అర్థం కాలేదు. "నువ్వు యాడికక్కా?"

"సిత్తూరికి."

"సిత్తూరికా?"

"అత్తా కోడలూ ఆషాడంలో ఒకసోట ఉండకూడదు. అంతే గదా శాస్త్రం. ఇద్దర్లో ఒకరు పుట్టింటికి పోవాల. కోడలే పోవాలని యాడన్నా రాసుండాదా?"

"అట్ల గాదక్కా. పుట్టింటికి వచ్చేది ఆడబిడ్డ గదా."

"నేను మగబిడ్డనా?"

ఉప్పు పడవ ముసలామె ముందు నవ్వింది, తరవాత రేవంతా నవ్వింది. మా నాయన కూడా నవ్వబోయాడు. అక్క ముఖం చూసి ఆగిపోయాడు.

"నవ్వకురా," అంది మా అత్త. గొంతు పెంచలేదు. ఆ గొంతు నెమ్మదిగా పలకడం నేను వినడం అదే మొదటిసారి. "ఆ ఇంటికి నీ కూతురికంటే ముందు ఆడబిడ్డను నేను. అమ్మ ఉండేటప్పుడు ఆషాడమొస్తే ఎవురో ఒకరు బండి కట్టుకోని వచ్చేవాళ్లు. అమ్మ పోయినాక నన్ను రమ్మని ఎవురొచ్చినార్రా? నీ కూతురికోసమైతే రేవురేవూ ఎతుక్కోని వచ్చినావు."

"పడవ ఇడిసి నువ్వే రావనుకుంటి గదక్కా."

"అడిగుంటే గదా, రానని సెప్పేది."

మా నాయన నేల చూపులు చూశాడు. నాయన అంతటి మనిషి, చిత్తూరు కోర్టులో సాక్ష్యం చెప్పినా తడబడనివాడు, వంగి ఆమె చంకలోని మూట తీసుకున్నాడు. "పోదాం రాక్కా," అన్నాడు. తరవాత ఏదో గుర్తొచ్చి గొంతు తగ్గించి, "మరి వీండ్లిద్దరూ ఈ నెల ఒకసోట..." అని నసిగాడు.

"అది వాళ్ల తంటా. పెద్దోళ్లం, మనకెందుకురా," అంది మా అత్త.

నేను కాళ్లకు దండం పెట్టాను. రాత్రంతా తిట్టుకున్నదాన్ని, ఆ కాళ్లు వదలబుద్ధి కాలేదు. ఆమె నన్ను లేపి, బుగ్గ మీది బొగ్గు బొటనవేలితో తుడవబోయి, అది ఇంకా పూసుకుపోవడంతో మానేసింది. "వాడు మాటల్లో పడితే గాలి సంగతి మరిసిపోతాడు. నువ్వు సూసుకో," అంది. బండి కదిలాక కూడా కొడుకును కేకలేస్తూనే ఉంది. ఆ తాడు లాగు, ఈ తాడు వదులు, తెరచాప అప్పుడే ఎత్తొద్దు. బండి మలుపు తిరిగి కనబడకుండా పోయినా గొంతు వినబడుతూనే ఉంది. అది కూడా ఆగిపోయాక నేను ఏడ్చాను. ఉండాలని ఏడ్చినదాన్ని, ఉండమన్నాక కూడా ఏడిస్తే మా బావకేం అర్థమవుతుంది? "ఇప్పుడేమాయ?" అని అడిగాడు. గాలి చూసుకో అన్నాను.

మేము మద్రాసు పోయాం, అక్కడి నుంచి తిరిగి ఉత్తరానికి పోయాం. ఆషాఢం అయింది, శ్రావణం అయింది, మా అత్త రాలేదు. భాద్రపదంలో మా నాయన ఆమెను సూళ్లూరుపేట దగ్గర తెచ్చి దించాడు. ఒళ్లు చేసింది. ఎక్కీ ఎక్కగానే నేను కట్టిన ముడులన్నీ విప్పి మళ్లీ కట్టింది. చిత్తూరులో ఏం చేశావత్తా అంటే, "ఏం జేస్తాం, ఉంటిమి," అంది. అంతకు మించి ఒక్క మాట రాబట్టలేకపోయాను.

సంగతంతా నాకు మా అమ్మ చెప్పింది, మరుసటి ఏడు నేను పురుటికి చిత్తూరు పోయినప్పుడు. అవును, నడివేసవిలోనే. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

పడవలో మా అత్త నిద్రపోగా చూసినవాళ్లు లేరు. రాత్రి మేం పడుకునేటప్పుడు ఆమె కూర్చుని ఉండేది, తెల్లారి లేచేసరికి కూర్చునే ఉండేది. తాడు కిర్రుమన్నా, గాలి మళ్లినా, ఎవరి పడవో దగ్గరికి జరిగినా ముందు ఆమెకే తెలిసేది. ఆ మనిషి చిత్తూరు చేరిన రోజు స్నానం చేసి, ఇంత తిని, నడింట్లో చాప కూడా లేకుండా నేల మీద వాలిపోయిందట. మర్నాడు పొద్దెక్కింది, లేవలేదు. పాలవాడు వచ్చి పోయాడు, పిల్లలు బళ్లకు పోయారు, లేవలేదు. మా అమ్మ ఆమె చుట్టూ ఊడ్చుకుంటూ వచ్చిందట. ఎండ వచ్చి ముఖం మీద పడ్డా కదలకపోయేసరికి అమ్మకు భయమేసి, లేపుదామా అని మా నాయనను పిలిచింది.

మా నాయన వచ్చి చూసి, వీధి తలుపు మెల్లగా చేరవేసి, "లేపొద్దు," అన్నాడట. "ఆయమ్మ తనింట్లో తాను నిద్రపోతా ఉండాది."